నూట పన్నెండో నంబరు

తొంభై ఆరు పేజీలు. వెల పన్నెండు రూపాయలు.
షబ్బీర్ సాబ్ షాపుల కిరాయి రోజుకు రూపాయి.
హన్మకొండ చౌరస్తాల తెరిస్తే
కాజీపేట దిగేసరికి సగం అయిపోయింది.
ఇది మెప్పా, తిట్టా అని అడగకుండ్రి,
బస్సు మెల్లగ నడిచింది.

కథ: పుష్యమి నౌక ఇంధనం అయిపోయి
ఒక చీకటి గ్రహం పక్కన ఆగుతది.
నూట పదకొండుల గూడ ఆగింది,
అప్పుడు గ్రహం ఎర్రది.
కెప్టెన్ అభిజిత్ అరవై ఒకటిల పేలిపోయిండు,
బూడిద గూడ దొరకలే.
ఇక్కడ నలభయ్యో పేజీల చాయ్ తాగుతున్నడు.
రచయిత పేరు అదే, వెనక అట్ట మీద మీసాల ఫొటో అదే,
చెయ్యే వేరు.
పాత చెయ్యికి కామాలంటే పావురం,
ఇది చుక్కలు పెట్టుకుంట ఉరుకుతది.

అయినా ఒక్క పేజీ ఉన్నది, డెబ్బై మూడు.
ఇంజను గదిల ఒక పిల్ల, పేరు గూడ పెట్టలే,
ఆగిన యంత్రం మీద అరచెయ్యి ఆనించి
ఇంకెంత వేడి మిగిలిందో చూస్తది.
డీజిల్ షెడ్డుల ఇరవై రెండేండ్లు చేసిన నేను.
రాత్రి డ్యూటీల మేమట్లనే చూస్తం,
జరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు.
రాసినోడెవడో గని
ఎన్నడో ఒకనాడు ఇంజను పక్కన నిలబడ్డోడు.

మూడు నక్షత్రాలు.

ఇంకో సంగతి, సమీక్షల రాయొచ్చో లేదో.
ఆ షాపు పుస్తకాల అంచులకు పెన్సిల్ రాతలుంటయి.
ముప్పయ్యో నంబరు నుంచి ఒక్కటే చెయ్యి:
"తప్పు. చంద్రుని మీద గాలెక్కడిది?"
"మొన్ననే కాలు ఇరిగె గదరా, ఎట్ల ఉరుకుతడు?"
ఆఖరి పేజీల చిన్నగ: ఓదెలు, మట్టెవాడ.
ఇన్నేండ్లు ఆయనతోని కొట్లాడుకుంటనే చదివిన,
మొఖం ఎరుగ.

ఈ పుస్తకంల నలభయ్యో పేజీ తెల్లగున్నది.
చచ్చినోడు చాయ్ తాగుతుంటే
ఓదెలు ఊకుంటడా?
"కొత్త కాపీ భాయ్, నువ్వే మొదలు"
అన్నడు షబ్బీర్ సాబ్, చిల్లర లెక్క పెట్టుకుంట.
నూట పదకొండు పుస్తకాలల్ల
నేనెన్నడు మొదలు లేను.

షెడ్డుల సుద్దముక్కలే ఉంటయి,
మనుమని డబ్బల నుంచి పెన్సిల్ తీసి
నలభయ్యో పేజీల రాసిన:
"వీడు చచ్చిండు గద, ఓదెలన్నా?"
ప్రశ్న గుర్తు ఆయన లెక్క బలంగ రాలే.
డెబ్బై మూడుల ఏం రాయలే.
నూనె బొటనవేలు ముద్ర పడ్డది, అది నాదే.

పుస్తకం రేపు పొద్దుగాల షాపుల ఉంటది.
నూట పదమూడు వచ్చే నెలనట.