మూడూ పది

ఛాతీ మీద వెంట్రుకలు గీసి
స్పిరిట్ దూదితో తుడిచి
అయిదు బిళ్ళలు అంటించాను.
వాసుపల్లి దానయ్య, యాభై ఎనిమిదేళ్ళు, బోటు సరంగు.
ఏప్రిల్ ఉక్క, ఉప్పుగాలి, చెమట.
బిళ్ళ అంచు కాస్త లేచినా
గీతలో గుండె తుళ్ళినట్టే కనిపిస్తుంది.
అందుకని ప్లాస్టరు మీద ప్లాస్టరు.

"సెల్లు ఎడం జేబులో వద్దు.
వెల్డింగు జరిగేచోటికి పోవద్దు,
ఐసు ఫ్యాక్టరీ మోటార్ల దగ్గర నిలబడొద్దు.
దోమల బ్యాటు కూడా మీ ఆవిడనే పట్టుకోమనండి.
ఏం చేసినా టైమేసి ఈ పుస్తకంలో రాయండి."

"రాత రాదమ్మా. మా కోడలు రాత్తాది.
ఇంతకీ ఇది నా గుండెనే ఇంటాదా, ఊరినంతా ఇంటాదా?"

నవ్వేసి తర్వాతి పేషెంటుని పిలిచాను.

మర్నాడు కేజీహెచ్‌లో నా గది.
స్టెబిలైజరు గురగుర.
తెర మీద లక్ష స్పందనలు దొర్లిపోతున్నాయి.
సాయంత్రం ఏడింటికి సన్నటి గరుకు,
సెకనుకి యాభై నూగులు:
కరెంటు వేలిముద్ర వేసి పోయింది.
తొమ్మిదికి అన్నం, పదికి పడక.
కోడలి అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి.

తెల్లవారుజామున మూడూ పదికి
గీత చిరిగిన వలైపోయింది.
ముళ్ళు ముళ్ళుగా, ఎత్తుగా, పిచ్చిగా.
కొత్త డాక్టరైతే పరిగెత్తేవాడే.
పుస్తకంలో "నిద్ర" అని ఉంది.

వేలు పెట్టి లెక్కపెట్టాను.
ఆ గోల లోపల, గోలకి లొంగకుండా
సమదూరంలో ఒక్కో మొన,
పోటు నీళ్ళలో జెట్టీ గుంజల్లా.
గుండె తన నడక తను నడుస్తోంది.
ఈ అల్లరి బయటిది.

ఫోన్ చేశాను. కాసేపు పలకలేదు.
"తోడల్లుడి బోటు రాలేదమ్మా.
యారాడ కొండ లైటు కనబడతందన్నారు,
తరవాత మాట లేదు.
జెట్టీకెల్నాను. వైర్లెస్ సెట్టు గుండెలకానించుకుని పిలిసినాను.
నువ్వొద్దన్నావు, తెల్సు."

"వచ్చారా?"

"నాలుక్కి. ఇంజను ఆగిపోయిందంట,
తాడేసి లాక్కొచ్చినారు."

బాహ్య విద్యుత్ జోక్యం, పదకొండు నిమిషాలు,
విశ్లేషణకు పనికిరాదు.
అలాగే రాశాను. రాయాలి.
ఆ ముక్కని తీసేయబోతూ మళ్ళీ చూశాను.
మీట నొక్కినప్పుడల్లా ఒక ముళ్ళగుబురు,
వదిలినప్పుడల్లా ఖాళీ.
పిలుపు. వినడం. పిలుపు.
వినడం.
ఆ వినే ఖాళీల్లో గీత తేటగా ఉంది,
నిమిషానికి నూట ముప్ఫై.

"ఇంకో రోజు కట్టాలి దానయ్యగారూ, సోమవారం రండి."

"వేట ఆపేసినాక వత్తానమ్మా.
బోట్లన్నీ ఒడ్డునుంటాయి."

గోడ మీద క్యాలెండరు చూశాను.
ఇంకా తొమ్మిది రోజులు.