వచ్చినా రాదని చెప్పు

తార్తులో మూడు రోజులుగా మంచు.
నలభై రాత్రుల్లో ఒక్కసారి
కుప్పకూలిన ప్రోగ్రాం,
చివరి అడుగుదాకా రికార్డై
లేలో దగ్గరుంది.

రికార్డు చేసిన పాత యంత్రాన్ని
తావెట్ పోయిన వారమే తుక్కుకి వేశాడు.
కొత్తదాని మీద మళ్ళీ ఆడిస్తే
పదకొండు లక్షల అడుగులు అదే దారి,
ఆ తర్వాత పక్కకి.

తెల్లారుజామున దొరికింది.
ప్రోగ్రాం మొదట్లోనే ప్రాసెసర్‌ని అడుగుతుంది,
నీకేం వచ్చని.
కొత్తది ఊరుకుంటుందా?
వెడల్పాటి రిజిస్టర్లున్నాయంది,
అడిగినప్పుడల్లా కొత్త పాచిక వేస్తానంది.

కెర్నెల్లో ఆ ప్రశ్నకి అడ్డం నిలబడి
లేలో జవాబు మార్చింది:
వచ్చినా రాదని చెప్పు.
ఈ ఒక్క ప్రాసెస్‌కే.
పక్కవాళ్ళ దగ్గర నీ విద్యలన్నీ చూపించుకో.

"అబద్ధమేగా," అన్నాడు తావెట్, కోటు మీది మంచు దులుపుకుంటూ.
"ఆ రోజు దానికి ఇంతే తెలుసు," అంది.

నడిచింది. పదకొండు లక్షలు దాటింది.
అదిగో, అదే చోట,
అదే ఖాళీ చిరునామా మీద కాలు పెట్టి
పడింది.

తావెట్ చప్పట్లు కొట్టాడు.
లేలో అప్పటికే దాన్ని వెనక్కి నడిపిస్తోంది,
ఒక అడుగు,
ఇంకో అడుగు,
ఆ ఇంటిని ఎవరు ఖాళీ చేశారో చూడ్డానికి.