మచ్చల కాగితం

దేవరకొండ రోడ్డు మీద మా ఫార్మసీ కాలేజీ,
వెనక రేకుల షెడ్డును ఆనుకుని ఎలుకల గది.
లోపల ఇరవై మూడు డిగ్రీలు.
బయట ఏప్రిల్.
ఈ నెలలో నల్లగొండలో చల్లగా బతికేది
మా నలభై ఎనిమిది తెల్ల ఎలుకలే.

ఈదయ్య ఊక మారుస్తాడు.
పిక్రిక్ ఆమ్లం పసుపుతో గుర్తులు పెడతాడు,
ఒకదానికి నెత్తిన, ఒకదానికి నడుము మీద, ఒకదానికి తోక మొదట్లో,
పెండ్లికొడుకుల్ని చేస్తున్నట్టు.

నా పని ఆ తర్వాత.
మత్తిచ్చి, పొత్తికడుపు కింద చిన్న కోత,
బఠానీ గింజంత గ్రంథిలోకి
సముద్రపు నాచు జిగురు, రెండు చుక్కలు.
వారానికి వాపు వస్తుంది.
రావాలి. వస్తేనే నా థీసిస్.
సగం ఎలుకలకు పల్లేరుకాయల కషాయం,
మిగతా సగానికి వట్టి నీళ్లు.
నొప్పిని తయారుచేసి దానికి మందు వెతకడం.
ఎథిక్స్ కమిటీ ఆమోదించిన వాక్యంలో
ఇదే ముచ్చట ఇంకొంచెం మర్యాదగా ఉంటుంది.

ఆ పల్లేరుకాయలు ఏరుకొచ్చింది ఈదయ్యే,
మర్రిగూడ దిక్కు బీడు చెల్కల్లో,
చెప్పు అట్టలో దిగిన ముళ్లు పిన్నీసుతో పీక్కుంటూ.

రాత్రి బోను కింద అద్దుడు కాగితం పరుస్తాం.
పొద్దున ఊదారంగు లైటు కింద పెడితే
ఎలుక ఎక్కడెక్కడ ఒంటికి పోయిందో వెలుగుతుంది.
బాగున్నదానిది ఒక మూలన ఒకే మడుగు.
వాపున్నదానిది కాగితమంతా చుక్కలు,
పోసి, ఆగి, పోసి, ఆగి.
నేను లెక్కపెడతాను.
నలభై ఒకటి. యాభై మూడు.

ఆరోజు ఏడో నంబరు కాగితం పట్టుకుని
ఈదయ్య ఎంతకీ లైటు ఆర్పలేదు.
"గీడు గూడ నా లెక్కనే, మేడం."

కాసేపు ఫ్రిజ్ చప్పుడు.
కాలేజీ బస్సులో ఎప్పుడూ దిగే మెట్టు పక్కనే ఎందుకు కూచుంటాడో,
పెండ్లి పిలుపులకు ఎందుకు పోడో,
మధ్యాహ్నం దాకా చెంబెడు నీళ్లైనా ఎందుకు తాగడో
అప్పుడు తెలిసింది.

"రాత్రి ఎన్నిసార్లు లేస్తావు?" అడిగాను
కాగితం వైపే చూస్తూ.
"ఏడు, ఎన్మిది. లేసినా రాదు.
ఆడోళ్లకు జెప్పే ముచ్చట గాదు.
ఎల్క జెప్పింది గన్క జెప్పిన."

నవ్వాడు. గోధుమరంగు గార పళ్లు.
చిన్నప్పుడు వాళ్ల బడికి జీపు వచ్చిందట.
వరుసగా నిలబెట్టి, పెదవులు పైకెత్తి ఫోటోలు,
సీసాల్లో మూత్రం, సీసా మీద అంకె.
ఆయనది నూట పన్నెండు.
"ఏం దేలిందో మాకు జెప్పలే. మల్ల రాలే."
ఏ బీరువాలోనో, ఏ పట్టికలోనో
ఆయనకు ఇంకా తొమ్మిదేళ్లే.

సోమవారం ఏడో నంబరును కోయాలి.
గ్రంథిని మిల్లీగ్రాముల్లో తూచాలి.
పెద్దదవాఖానలో నాకు తెలిసిన డాక్టరుకు చీటీ రాస్తుంటే
పేరు దగ్గరే కలం ఆగింది.
తండ్రి పేరేంటని అడిగాను, మూడేళ్లలో మొదటిసారి.
"బక్క మైసయ్య."

తలుపు దాకా పోయి వెనక్కి తిరిగాడు.
"ఏడో నంబరుకు గా పల్లేరు మందేనా?"
"కాదు. నీళ్లు."
"ఏ నీళ్లు? మన నీళ్లా?"
"కాదు. శుద్ధి చేసినవి."
"మంచిగనే సూస్కుంటున్నరు," అన్నాడు.
ఎగతాళో కాదో ఇప్పటికీ తెలీదు.
చీటీ జేబులో పెట్టుకుని
గోడ పక్కకు పోయాడు.
చాలాసేపు రాలేదు.