గాజుపుల్ల

చోడిపల్లి ఎర్రయ్య సైకిలు దిగి
తడి తువ్వాలు తీసి డబ్బా మూత తెరిచాడు.
వేలెడు లేని శీలావతి పిల్లలు, అరవై.
"నాగావళి నీలే పోసినాను తల్లీ, బెదర్నేదు.
ఏటి జబ్బు ఈటికి? ఏ మందేత్తారు?"

మందే. కాదనలేదు.
పైరుకీ జ్వరానికీ సారాకొట్టుకీ
సరిపోయిన మాట
ఐదు తొట్లకి సరిపోదా?

ఆరోది ఉత్త నీళ్ళు.
వారం అలవాటు చేశాం,
ఆపై తొంభై ఆరు గంటలు మేత బంద్.
ఫ్యాక్టరీ సీసా మీద పేరు లేదు, నంబరుంది.

మొదటి రాత్రే ఐదో తొట్లోవి
పైకొచ్చి గాలి మింగాయి,
పక్కకి ఒరిగి ఈదాయి,
ఈదడం మానేశాయి.
తోక దగ్గర గాజుపుల్లతో తాకాలి.
కదలకపోతే గీత.
నాలుగు నిలువు, ఐదోది అడ్డం,
మా అమ్మ గోడ మీద పాల లెక్క రాసినట్టు.

నాలుగో నాడు మూడో తొట్లో ఐదు మిగిలాయి.
సరిగ్గా సగం!
సార్ మొహం విప్పారింది,
గ్రాఫు తిన్నగా వచ్చింది.
లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములని టైపు చేశాను.
ఆ ఐదూ ఎలా ఈదుతున్నాయో
రాయడానికి గడి లేదు.

బయట సిక్కోలు ఎండ.
ఖాళీ డబ్బా కోసం ఎర్రయ్య వచ్చాడు.
"నయమైనాదా?"

జవాబు రాక, అలవాటు కొద్దీ
ఆరో తొట్లో పుల్ల ముంచాను.
నాలుగు రోజుల ఆకలి.
పదీ ఒక్కసారే ఎగబడి
దాని కొసని నోళ్ళతో పట్టుకున్నాయి.