దిగేటోళ్లు దిగుండ్రి

ఇరవై ఆరేండ్లు సిటీ బస్సుల
"ముందుకు జరుగుండ్రి, ముందుకు జరుగుండ్రి" అని ఒర్రినదాన్ని.
రిటైరయినంక ఇంట్ల నిలబడి చూస్తే
వారాసిగూడల మా రెండు రూములు
పొద్దుగాల ఎనిమిదింటి బస్సు లెక్కనే ఉన్నయి.
ఫుట్‌బోర్డు మీద గూడ సామానే.

ఎండలు ముదిరినంక
మొదలు జాడీని దింపిన.
పది కిలోల కాయ పట్టే జాడీ, మా అత్తది,
నోరు పెద్దది, అత్తకు లెక్కనే.
"ఇద్దరికి ఎందుకే అంత తొక్కు" అన్నడు వీరస్వామి.
ఎన్నేండ్ల నుంచో నా నాలుక మీదున్న మాట
ఆయన నోట్లెకెళ్లి వచ్చింది.
కింది వాటాల శాహీన్ తీసుకపోయింది, బియ్యం పోసుకుంటదట.
ఈ యేడు మా తొక్కంత
ఒక్క హార్లిక్స్ సీసల పట్టింది.
ఇంకా జర జాగ మిగిలింది.

వానకాలం నన్ను అడుగలే, అదే మొదలువెట్టింది.
ఆషాఢంల ఒక రాత్రి సజ్జ మీదికెళ్లి నీళ్లు కారినయి.
స్టూలెక్కిన. మోకాలు వద్దన్నది, నేను వినలే.
సందుగ.
సందుగల బొంతలు, బొంతల నడుమ పెండ్లి పత్రికలు,
అండ్ల సగం జంటల పేర్లు నాకు యాదికి లేవు.
మూగవోయిన రేడియో. ఓటు చీటీలు.
ఏ తాళానివో తెల్వని పద్నాలుగు తాళంచెవులు.
ఎవ్వలికీ టికెట్ లేదు,
ఏండ్లకేండ్లు ఊకెనే ప్రయాణం చేసిన్రు.
"దిగేటోళ్లు దిగుండ్రి" అన్న.
ఒక్కటి కదిలితే ఒట్టు.
చేతుల పట్టుకుంటే చాలు, కథ అందుకుంటది,
వినుకుంట కూసుంటే పొద్దుగూకుతది.
మూడు రోజులల్ల దిగింది రేడియో ఒక్కటే.
తాళంచెవుల కాడ ఏడ్పొచ్చింది.
ఆ తలుపులన్ని ఏమైనయో అని కావచ్చు.
కాకపోతే స్టూలు దిగేటప్పుడు మోకాలు కలుక్కుమన్నది, అందుకు కావచ్చు.

బోనాల తెల్లారి కబాడాయన బండి గల్లీలకొచ్చింది.
తరాజుల పెడితే
నా ఇరవై ఆరేండ్ల జీతం కాయితాలు
నాలుగు కిలోల మూడు వందల గ్రాములు.
చిల్లర లేదమ్మా అన్నడు.
నవ్వాపుకోలేకపోయిన,
ఎంతమందికి చెప్పిన్నో ఆ మాట!
ఖాకీ కోటు మాత్రం ఇయ్యలే.
అదిప్పుడు మా గచ్చు తుడుస్తది,
డ్యూటీ దిగలేదది.

చలికాలం వచ్చేసరికి లొల్లి వీరస్వామితోని.
ఆయన దర్జీ. ఇనుప డబ్బ నిండ గుండీలు,
నలభై ఏండ్ల అంగీలయి, జాకెట్లయి, షేర్వాణీలయి.
"దాన్ని ముట్టకు" అన్నడు.
ముట్టలే.
అల్మారీ తీసేసిన జాగల
డిసెంబర్ ఎండ వచ్చి చాప లెక్క పరుచుకున్నది.
పాపం ఇన్నేండ్లు అల్మారీ ఎనుకనే నిలబడ్డదేమో
సీటు దొరకక.
ఆ ఎండల కూసోని ఆయన గుండీలు ఏరుతడు.
గల్లీల ఏ పోరని అంగీకి గుండీ ఊడినా
వచ్చి మా గడపల నిలబడుతడు.
దినానికొకటి, రెండు. పైసలు తీసుకోడు.
సంక్రాంతి ముగ్గులు చెరిగేసరికి డబ్బ సగమైంది.
నేనేమన్లే.
ఒక్కొక్కలు ఒక్కో తీరుగ దిగుతరు.

నడి రాత్రి మెలకువస్తే ఎప్పుడన్న
నా స్టేజి ఎంత దూరమున్నదో లెక్కవెడుత.
లెక్క తెగదు.
సంచి మాత్రం అల్కగున్నది,
అట్లనే నిద్రవడుతది.

శివరాత్రికి చలి శివశివ అనుకుంట పోయింది.
వరండాలున్న ఉత్త సందుగను గూడ ఇచ్చేద్దామని పోతే
లోపల పక్కింటి పిల్లి.
దాని పొట్టకు కరుచుకోని మూడు కూనలు,
ఇంకా కండ్లు తెరువలే.
ఈ పట్నంల ఖాళీ సీటు
ఎన్నడన్న ఖాళీగ ఉన్నదా!
మూత పడకుండ కట్టెపుల్ల అడ్డంవెట్టిన.
టికెట్ అడుగలే.