ముక్కు అరువు

దుంపలు తీసిన చేలో ఉర్సుస్ అరుస్తోంది,
కదలడం లేదు.
గొంతు లేచేకొద్దీ చక్రం మందగిస్తోంది.
వలెంతి గేరు మార్చాడు, తిట్టాడు,
నాగలిని నాలుగు వేళ్ళు పైకెత్తాడు.
నేను గట్టు మీంచి కేకేశాను:
"కాలుతోంది!"
"ఏది?" అన్నాడు.

మూడేళ్ళ కిందట జ్వరం ఒకటొచ్చి
పోతూ పోతూ అతని ముక్కులోంచి
వాసనలన్నీ మూటగట్టుకుపోయింది.
గుర్రపు డెక్కకి ఎర్రటి లాడం ఆనించినప్పటి కంపు ఇది,
ఎన్ని రోజులుగా ఇందులో కూర్చుని దున్నుతున్నాడో.

షెడ్డు ముందు పరీక్ష.
బ్రేకు బిగించి, పెద్ద గేరు వేసి,
పెడల్ మెల్లగా వదిలాడు.
క్లచ్చి బాగుంటే ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగాలి.
ఆగలేదు. ఆడుతూనే ఉంది,
అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డా
చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నవాడిలా.

పెడల్ కింద బొటనవేలి వెడల్పు ఖాళీ ఉంది.
కాబట్టి రాడ్డుది తప్పు కాదు.
"పెలా, డొక్క కింద చిన్న చిల్లుంటుంది.
పిన్ను లాగి, వేలు పెట్టి,
వాసన చూసి చెప్పు."
చలికి గడ్డి మీద వెల్లకిలా పడుకున్నాను.
వేలికి నల్లటి జిగురు.
ఇంజను నూనె కావచ్చు, గేరు నూనె కావచ్చు,
కంటికి రెండూ కవలలే.

ఇరవై రెండేళ్ళు బేకరీలో కాసిన ముక్కు నాది.
రై పిండి పులిసిందో మురిగిందో
గోడకవతల నుంచి చెప్పేదాన్ని.
గేరు నూనె మురుగు గుడ్డు కొడుతుందట. ఇది కాదు.
ఇది పొగచూరిన లాంతరు.
"ఇంజనుది," అన్నాను.
చాలాసేపు మాట్లాడలేదు.
"అయితే క్రాంకు వెనక సీలు.
రెండు ముక్కలు చెయ్యాలి."

ముందు సగం దుంగల మీద,
వెనక సగం తన చక్రాల మీద,
మధ్యలో కుర్చీ పట్టేంత ఖాళీ.
మూడు రోజులు వాన.
నరెవ్ పొంగి పచ్చికలోకి వచ్చింది.
వలెంతి నిజంగానే కుర్చీ వేసుకుని
ఆ సందులో కూర్చుని ఉల్లిపాయ, రొట్టె తిన్నాడు.

ప్లేటు బయటికొచ్చింది.
నూనె తాగి, కాలి, గాజులా నునుపెక్కింది.
ఒకవైపు రివెట్ల తలలు తేలి మెరుస్తున్నాయి.
గోరుతో గీకి చూశాడు.
"నూనె ఒక్కటే కాదు," అన్నాడు కాసేపటికి,
"పెడల్ మీద కాలు ఆనించి దున్నుతాను నేను.
పట్టుకోనూ లేదు, వదలనూ లేదు.
మా అన్న చెబుతూనే ఉండేవాడు."
మూతబడ్డ బేకరీ తాళంచెవి
నా కోటు జేబులో ఉంది, రెండో చలికాలం.
నేనేమీ అనలేదు.

కొత్త సీలు, కొత్త ప్లేటు, చౌకరకం స్ప్రింగులు.
ప్లేటుని నడిమధ్య నిలబెట్టడానికి షాఫ్టు లాంటిది కావాలి.
ఇంటికెళ్ళి పిండి ఒత్తే కర్ర తెచ్చాను.
చివర చెక్కి చెక్కి
పళ్ళలో ఇమిడేదాకా చెక్కి
దోపాడు. సరిపోయింది.
మూడు వేళ్ళూ ఒకే ఎత్తుకి రావడానికి సాయంత్రమైంది.
ఒకటి ఎప్పుడూ ఎత్తే, మా కుటుంబంలోలాగ.

రెండు సగాలూ దగ్గరికి తోస్తే
ఆఖరి రెండంగుళాలు మొరాయించాయి.
"ఫ్లైవీలు తిప్పు, కొంచెం, ఇంకొంచెం, ఆగు, వెనక్కి..."
టక్కుమంది.
ఆ చప్పుడు మాత్రం అతనికీ అందింది.

ఆదివారం అని కూడా చూడలేదు, చేలోకి దిగాడు.
నాగలి పూర్తిగా దించాడు,
గొంతూ చక్రమూ ఒక్కసారే లేచాయి.
చాలు చివర ఆగి, నావైపు తిరిగి,
ముక్కు మీద వేలేసి చూపించాడు: ఏమైనా?
గాలి పీల్చాను.
తడి మట్టి. కుళ్ళిన దుంపాకు. కాస్త డీజిలు.
చెయ్యి ఊపాను, ఏమీ లేదని.

పెడల్ పక్కన వేలాడుతున్న అతని ఎడమకాలు
ఎక్కడుండాలో తెలియక
గాలిలోనే ఉంది.

బెంచీ మీద ఒక వాషరు మిగిలింది.
ఎక్కడిదో ఇద్దరికీ తెలియదు.
తాళంచెవితో పాటు జేబులో వేసుకున్నాను.