కింది గుమ్మం

నరసన్నపేట. రాత్రి పదకొండున్నర.
హైవే మీద ఒడిశా లారీలు
షట్టరు కింద నుంచి వెలుగు దూర్చి
మళ్ళీ లాక్కుని పోతున్నాయి.
తెల్లారేసరికి బగాది పోలమ్మ పెద్దకార్యం కార్డులు
నూట యాభై కావాలి.
నా ముందు కొత్త మానిటరు,
దాని మీద నా ముఖం.

విడివిడిగా కొని బిగించిన పెట్టె ఇది.
ర్యామ్ శ్రీకాకుళంలో, క్యాబినెట్ విశాఖలో,
గ్రాఫిక్స్ కార్డు మూసేసిన నెట్ సెంటర్లో
బేరమాడితే నాలుగు వేలకి.
ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అని ఉంటే
పన్నెండు వందలు తక్కువన్నారు.
ఒక్క అక్షరమే కదా అనుకున్నాను,
అక్షరానికింతని డబ్బు పుచ్చుకునే దాన్ని.
లినక్స్ ఎందుకంటారా,
కిటికీలకి అద్దె కట్టలేక.

స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి.
కీబోర్డు మీద చిన్న దీపం వెలిగి ఆరింది,
అంటే లోపల ఎవరో ఉన్నారు.
తెర మాత్రం, సిగ్నల్ లేదని
ఇంగ్లీషులో మర్యాదగా చెప్పి పడుకుంది.
కేబుల్ పీకి, ఊది, మళ్ళీ గుచ్చాను.
ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దాను.
సాయంత్రమే ఎదురు బంగారు కొట్టు
సీసీ కెమెరాకి ఈ మానిటరే తగిలిస్తే
నాలుగు గళ్ళలో వీధంతా కనిపించింది,
ఒక గడిలో నా కొట్టు కూడా.
తెరకి ఏ రోగమూ లేదు.

పక్క షెడ్డు తవిటినాయుడు, లారీల కరెంటు మేస్త్రి,
టెస్ట్ ల్యాంపు మెడలో వేసుకుని వచ్చాడు.
"కంపీటరు సంగతి నాకేటి తెల్దమ్మా" అంటూనే
లారీ కిందకి దూరినట్టు వెనక్కి వంగాడు.
"తీగ పై కన్నంలో ఎట్టినావు.
కిందన ఈ కార్డుకీ అలాటి కన్నాలే మూడున్నాయి కదేటి?
లైటు సామానెక్కడుంటే
వైరు అక్కడికే కదా ఎల్లాల?"

పై గుమ్మం. కింది గుమ్మం.
ఎఫ్ అంటే ఏమిటో అప్పుడు తెలిసింది:
పై గుమ్మం వెనక ఇల్లు లేదు.
రెండు గంటలుగా
గోడ మీద గీసిన తలుపు తట్టాను.

తీగ కిందికి మారింది. తెర వెలిగింది.
నాయుడు బీడీ ముట్టించుకుని
డబ్బుల మాట ఎత్తనివ్వకుండా వెళ్ళిపోయాడు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది.

లినక్స్ ఎక్కించి రీస్టార్ట్ చేశాను.
మళ్ళీ నలుపు.
ఈసారి ఎడమ పైమూల చిన్న గీత ఒకటి
మిణుకు మిణుకు,
ఏదో చెప్పబోయి ఆగిన నోరులా.
కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ మూడు కలిపి నొక్కాను
(మళ్ళీ ఎఫ్!)
నల్ల పలక మీద తెల్ల అక్షరాలు: నీ పేరేమిటి?
పాస్‌వర్డ్ కొడితే చుక్క కూడా పడదు.
కనబడకుండా కొట్టడం నాకేం కొత్త?
టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టారు
మా వేళ్ళ మీద తువ్వాలు కప్పేవాడు.

బొమ్మల జోలికి ఇప్పుడే పోకు అని
మొదలయ్యే వరస చివర ఒక్క మాట చేర్చాను.
తెర వచ్చింది, ముతకగా,
చాలని దుప్పటిని రెండు కొసలా పట్టి లాగినట్టు.
పోలమ్మ ఫోటో తెరిచాను.
బుగ్గలు పొంగి, భుజాలు విచ్చుకుని.
పలాస బట్టీల్లో జీడిపిక్కలు కొట్టిన మనిషి,
బతికుండగా ఒక్కరోజూ ఇంత ఒళ్ళు చేసి ఉండదు.
ఓ నిమిషం అలాగే ఉంచాను.

డ్రైవరు దింపడానికి ఫోను నెట్టు,
మధ్యలో ఫోను చచ్చి, ఛార్జరు వెతికి,
రెండుంపావుకి ఆఖరి రీస్టార్ట్.
తెర అంచు నుంచి అంచుకి సన్నగా తెరుచుకుంది.
పోలమ్మ తన ముఖంలోకి తాను తిరిగొచ్చింది:
దవడ ఎముక, అడ్డబాస,
దాని పక్కన ఇందాక కనిపించని పుట్టుమచ్చ.
స్వర్గస్థురాలులో థ వత్తు సరిచూసుకున్నాను.
పై గుమ్మానికి నల్ల టేపు అంటించాను.

ఇప్పుడు ప్రింటరు
నేనెవరో తెలియదంటోంది.